ప్రళయం తర్వాత మా బావ

ఆ రోజుల్లో లోకం అంతమైపోతుందన్న భయం నాకు ఏ కోశానా ఉండేది కాదు. అంతమయ్యాక ఏం చెయ్యాలో నాకంటే బాగా తెలిసినవాడు నాందేడు జిల్లాలో ఇంకొకడు లేడన్న ధీమా ఉండేది. ('ఆ రోజుల్లో' అంటే తాతల కాలం అనుకునేరు, కొన్నేళ్ళ కిందటి సంగతే. కానీ పెళ్ళికి ముందు గడిచిన రోజులు ఎవరికైనా పాత యుగంలాగే కనిపిస్తాయి.) కంప్యూటర్ ఆటల్లో నేను చూడని ప్రళయం లేదు. విషపు వానలు కురిసి, ఊళ్ళు బూడిదై, మిగిలిన పిడికెడు మంది నీటిచుక్క కోసం కొట్టుకునే చోట నన్ను వదిలిపెడితే నాలుగు రోజుల్లో కోట కట్టి కూర్చునేవాణ్ణి. మా ఇంట్లో మాత్రం గ్యాస్ సిలిండర్ మార్చడం నాకు చేతకాదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను మా బాపు రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తుచేసేవాడు.

బాపుకు కొత్త మోండా బజారులో విత్తనాలు, ఎరువుల దుకాణం. నా డిగ్రీ అయిపోగానే ఆ దుకాణంలో గల్లా పక్కన ఒక స్టూలు నా కోసం తుడిచి పెట్టాడు. ఆ స్టూలును తలుచుకుంటేనే నాకు యూరియా వాసన వచ్చేది. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో కంప్యూటర్ ఆటల గురించి తెలుగులో రాసే ఒక వెబ్‌సైటు వాళ్ళు రాసేవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చారు. నేను పదో తరగతి దాకా మరాఠీ బడిలో చదివినవాణ్ణే అయినా, బోధన్ ఆడపడుచైన మా అమ్మ పట్టుబట్టి నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది. ఆ ధైర్యంతో అర్జీ పెట్టాను. వెబ్‌సైటు సంపాదకుడు (ఇంట్లో అందరూ ఆయన్ను 'హైదరాబాద్ సారు' అనేవారు) ఫోన్ చేసి, కొత్తగా వచ్చిన ఒక ఆటను నాకు పంపించాడు. ప్రళయం తర్వాతి లోకంలో నలుగురు మనుషుల జట్టును నడిపించే ఆట. "మొదటి పల్లె దాటి, వంతెన అవతల ఉన్న నగరం దాకా వెళ్ళండి. ఆడినంతలో మీకేమనిపించిందో ఆదివారం సాయంత్రానికల్లా రాసి పంపండి. నచ్చితే మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుంటాం" అన్నాడు. బాపు ఈ మాట విని తన తీర్పు కూడా చెప్పేశాడు. "మంచిగనే ఉన్నది. సోమవారం పొద్దుగాల నువ్వు గా హైదరాబాద్ సారు మనిషివన్న గావాలె, లేకుంటే నా దుకాన్ల మనిషివన్న గావాలె. నడుమ ఇంకోటి లేదు."

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అది అధిక మాసం. మా నాందేడులో అధిక మాసం అల్లుళ్ళ నెల. కూతుర్నీ అల్లుణ్ణీ పిలిచి, పళ్ళెం నిండా అరిసెల్లాంటి అనారసలు పేర్చి, బట్టలు పెట్టి, అల్లుణ్ణి సాక్షాత్తు నారాయణుడిగా భావించి మర్యాద చెయ్యాలి. ఇది అసలు మరాఠీవాళ్ళ ఆచారం. కానీ ఎదురింటి మరాఠామె తన అల్లుడికి వెండి దీపంతో సహా ఇచ్చిందని తెలిశాక మా అమ్మ ఆగుతుందా? "మనకు ఉంటే ఏంది, లేకుంటే ఏంది? వాడకట్టంత చేస్తుంటే మన పిల్ల మొఖం సిన్నబోదా?" అంది. అలా మా అక్క, బావ ముఖేడ్ నుంచి శనివారం పొద్దున బస్సు దిగారు.

మా బావ గురించి అప్పటికి మాకు తెలిసింది చాలా తక్కువ. పెళ్ళయి ఏడాది కాలేదు. ముఖేడ్‌లో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది, మనిషి బలంగా ఉంటాడు, మాట్లాడడు. మా ఇంటికి వస్తే హాల్లో ఫ్యాను కింద ఒక కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళం, వెళ్ళేదాకా అందులోనే ఉండేవాడు. మంచినీళ్ళ కోసం లేవబోతే అమ్మ వంటింటి తలుపు చాటు నుంచి, "అయ్యో, అల్లుడు లేస్తుండు, సూడరా!" అని నా మీద అరిచేది. చెయ్యి కడుక్కోవడానికి వెళితే నేను తువ్వాలు పట్టుకుని వెంట నడవాలి. పాపం ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడమీది క్యాలెండర్‌ను తలకిందులుగా కూడా అప్పజెప్పగలిగేంతగా చూస్తూ కూర్చునేవాడు. ఆయనకు మా ఇల్లు నచ్చిందో లేదో తెలియక అమ్మ మరింత మర్యాద చేసేది. ఆ మర్యాదకు ఆయన మరింత బిగుసుకుపోయేవాడు. (ఇప్పుడు నేనూ ఒక ఇంటి అల్లుణ్ణే. ఆ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో నన్నడగండి.)

కంప్యూటర్ కూడా ఆ హాల్లోనే ఉంది. ఇన్వర్టర్ తీగ ఆ గదికే వేశారు కాబట్టి దాన్ని ఇంకెక్కడికీ మార్చడానికి లేదు. గడువు మర్నాడే. అందుకని మొహమాటం పక్కన పెట్టి, బావ కుర్చీ పక్కనే కూర్చుని ఆట మొదలుపెట్టాను. తెరమీద బూడిదరంగు ఆకాశం, కూలిన నీళ్ళ ట్యాంకు, దాని కింద చలి కాచుకుంటున్న నలుగురు మనుషులు. వాళ్ళకు పేర్లు పెట్టమని ఆట అడిగింది. నేను ఏవో వీరుల పేర్లు పెట్టబోతుంటే వెనక నుంచి అమ్మ గొంతు.

"గా నలుగురు ఎవలురా?"

"నా జట్టమ్మా. పేర్లు పెట్టాలె."

"పేర్లు పెట్టుడయితే ముందుగాల అల్లుని పేరు పెట్టు. ఇంట్ల మనిషిని పెట్టుకొని ఊరోళ్ళ పేర్లెందుకు?"

బావ వింటున్నాడు. కాదంటే ఆయన పేరు పెట్టడం నాకు ఇష్టంలేనట్టు ఉంటుంది. సరే, నాయకుడి చోట 'బావ' అని రాశాను. తర్వాత అక్క, అమ్మ, నేను. అక్కడితో నలుగురూ అయిపోయారు. భోజనానికి వచ్చిన బాపు తెర చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. నా ఆటలంటే కిట్టని మనిషి, ఏడాదిగా వాటిని తిడుతున్న మనిషి, "ఓహో! ఇంటి పెద్ద లేకుంటనే పోతుండ్రన్నట్టు" అని, అన్నం సగంలో లేచి దుకాణానికి వెళ్ళిపోయాడు. పెళ్ళిపత్రికలో పేరు లేని పెద్దనాన్నకు కూడా అంత కోపం వచ్చి ఉండదు.

పేర్లు పెట్టాక ఆట ఒక్కొక్క మనిషి స్వభావం వివరిస్తూ నాలుగు పేజీలు చూపించింది. ప్రళయాల్లో ఆరితేరినవాణ్ణి కదా, నాకవి చదవాల్సిన అవసరం కనిపించలేదు. టకటకా దాటేశాను.

ప్రయాణం మొదలైంది. అందరిలోకీ బలమైనవాడు నాయకుడు కాబట్టి సామానంతా ఆయన వీపుకెత్తాను. తెరమీది బావ మూటతో రెండడుగులు వేశాడో లేదో, అమ్మ అనారసల పిండి చేత్తోనే హాల్లోకి వచ్చేసింది. "ఓరి నీ మొఖంల! అల్లుని నెత్తిన మూట పెట్టినవారా? సూసినోళ్ళు ఏమనుకుంటరు?" అది నిజం మనిషి కాదని, చూసేవాళ్ళెవరూ లేరని, లోకమే లేదని చెప్పి చూశాను. "లోకం లేకుంటే మర్యాద గూడ ఉండదా?" అంది. మూట తీసి నా వీపు మీదకు మార్చుకున్నాను. తెరమీది నేను సరిగ్గా నిజం నాలాగే ఉన్నాను. మూట ఎత్తగానే నడుం వంగిపోయి, జట్టంతా నత్తనడక పట్టింది.

తిండి సంగతి వచ్చింది. ఆ బూడిదలో దొరికేవి ఉడుములు, ఎలుకలు, ఎప్పటిదో ఒక చిక్కుడుగింజల డబ్బా. డబ్బా అల్లుడికి, మిగతావి మాకు అని తీర్పయింది. (ఏకాదశికి ఉల్లిపాయ కూడా ముట్టని మా అమ్మ, తెరమీద ఎలుకను కాల్చుకు తినడానికి ఒప్పుకుంది. అల్లుడి కోసం ఆ మాత్రం చెయ్యాలట.) నీళ్ళు కూడా ముందు ఆయనకే. రాత్రి కాపలా వంతులు వేస్తే ఆయన వంతు అక్క తీసుకుంది. అక్క ఇవన్నీ చూస్తూ, చేటలో గోధుమలు ఏరుతూ, "గీడ గూడ నేనే మేలుకోవాలె" అని గొణిగింది. బావ చూపు క్యాలెండర్ మీద నుంచి తెర మీదికి వచ్చింది.

చివరికి ఏమైందంటే, మొదటి పల్లె పొలిమేర కూడా దాటకముందే నేను మూట కింద పడి ప్రాణం విడిచాను. తర్వాత దాహంతో అక్క పోయింది. ఆ వెనకే అమ్మ. తెరమీద తన బొమ్మ నేలకొరగగానే మా అమ్మ గుండెమీద చెయ్యి వేసుకుని, మరుక్షణం "పోనీ తియ్, అల్లుడు సల్లగున్నడు గద" అంది. అల్లుడు చల్లగానే ఉన్నాడు. నీళ్ళన్నీ దగ్గర పెట్టుకుని, ఒక బండరాయి మీద చేతులు ఒళ్ళో వేసుకుని ఒంటరిగా కూర్చున్నాడు. తల మాత్రం వేలాడేసి ఉంది. దాని కింద ఇంగ్లీషులో ఏవో అక్షరాలు మెరిశాయి. "ఏమంటుండురా అల్లుడు?" అని అడిగింది అమ్మ. చదివి చెప్పాను. "నేనిక్కడ దేనికి ఉన్నానో నాకు తెలియడం లేదు అంటున్నడు."

అక్క గోధుమలు ఏరడం ఆపి, ఒకసారి తెర వంక, ఒకసారి మొగుడి వంక చూసింది.

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అంతే. సాయంత్రం కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా కీచుమని ఆరిపోయేసరికి శనివారం గడిచిపోయింది. ఆదివారం పొద్దున అల్లుడికి పూజ, హారతి, పళ్ళెంలో అనారసలు. నాకు హారతి పళ్ళెంలో బాపు దుకాణం స్టూలే కనబడుతోంది. రాయడానికి ఏముంది? 'ఈ ఆటలో పొలిమేర దాకా వెళ్ళి చచ్చిపోవచ్చు' అని రాస్తే ఎవరు ఉద్యోగమిస్తారు? నిజం చెప్పాలంటే స్నానాల గదిలో నీళ్ళు వదిలేసి కాసేపు ఏడ్చాను కూడా.

భోజనాలయ్యాక అమ్మా అక్కా అనారసల పళ్ళెం పట్టుకుని ఇరుగుపొరుగు వాళ్ళకు పసుపు కుంకుమలివ్వడానికి వెళ్ళారు. బాపు లోపల నిద్రపోతున్నాడు. హాల్లో నేనూ, కుర్చీలో బావా. నేను వాడిపోయిన మొహంతో తెర వంక చూస్తుంటే పక్క నుంచి ఒక గొంతు వినిపించింది. బావ గొంతు అంత దగ్గరగా వినడం అదే మొదలు.

"బామ్మర్దీ, నిన్న సురువుల ఏదో రాసిచ్చింది గద, నాలుగు పేజీలు. అవి సదివినవా?"

"లేదు బావా."

"సదువు జర."

చదివాను. నాయకుడి పేజీలో, ఇతను ఒళ్ళు దాచుకోని మనిషి, పని చేస్తుంటేనే ఉత్సాహం, ఊరికే కూర్చోబెడితే కుంగిపోతాడు, అతను కుంగితే జట్టంతా నీరసిస్తుంది అని ఉంది. అది తెలుగులో చెప్పేసరికి బావ నవ్వాడు. ఆయనకు పళ్ళు అంత తెల్లగా ఉంటాయని కూడా మాకు అప్పటిదాకా తెలియదు.

"అయితే నాకు మూటియ్యి" అన్నాడు. "అన్నీ నాకే ఇయ్యి. మీ అక్క సంచి గూడ."

ఇచ్చాను. తెరమీది బావ వీపు మీద డేరా, నీళ్ళ డబ్బాలు, కట్టెలు, అక్క సంచి, అమ్మ వంటగిన్నెలు ఎక్కాయి. వంగిన తల లేచింది. ఏదో ఈల వేసుకుంటూ ముందుకు నడిచాడు. వెనకాల మేం ముగ్గురం చేతులూపుకుంటూ పరుగుపరుగున వెళ్ళాం. పొలిమేర దాటాం. మధ్యలో రెండు తలల అడవిపంది ఒకటి మా మీద పడితే, బావ మూట దించకుండానే దాన్ని తన్ని పంపించాడు. "హాణ్ త్యాలా!" (కొట్టు దాన్ని!) అని నిజం బావ మరాఠీలో ఒక్క అరుపు అరిచి, కుర్చీలోంచి లేచి, మా ఇంటి నేలమీద నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన నోటికి అడ్డే లేకపోయింది. ఆటలో చలిమంట దగ్గర నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు వస్తే, తన దుకాణం సంగతులు నాకు చెప్పాడు. బావిలో పడ్డ మోటారును వర్షంలో భుజం మీద మోసుకొచ్చిన కథ, పెళ్ళికి ముందు మా అక్కను చూడటానికి వచ్చి చెప్పులు మార్చుకుపోయిన కథ. మధ్యలో లేచి, మధ్యాహ్నం వంటతో ఖాళీ అయిపోయిన మా గ్యాస్ సిలిండర్ మార్చి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. వంతెన ఎక్కాం. అవతల నగరం దీపాలు కనిపించాయి. నా కంటికి మోండాలోని ఆ స్టూలు ఎక్కడా కనబడలేదు.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది. అమ్మ ఖాళీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడిపోయింది. తెరమీద అల్లుడు సంతలో ఎద్దు మోసినంత బరువు మోస్తున్నాడు. ఇక్కడ అల్లుడు గచ్చు మీద కూర్చుని, మరమరాలు గిన్నెలోంచే బొక్కుతున్నాడు.

"ఓరి దుష్టుడా! కాలు బయట పెట్టంగనే అల్లుని గతి గిట్ల చేసినవా? రేపు వాళ్ళమ్మకు నేనేం మొఖం సూపియ్యాలె?"

నేను నోరు తెరవబోయాను. బావ లేచి నిలబడ్డాడు. పెళ్ళైనప్పటి నుంచి మా అమ్మతో ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ముంగిట్లో వర్షం చూస్తున్నట్టుగా పక్కకు చూస్తూ అన్నాడు.

"అత్తమ్మా, ఆన్ని ఏమనకుండ్రి. నేనే అడిగిన. గిక్కడ కూసోబెట్టుండ్రి, మీ ఇష్టం. గక్కడన్న నన్ను జర పని చెయ్యనియ్యుండ్రి."

అమ్మ పళ్ళెం వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది, అక్క వైపు చూసింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. కాసేపటికి అమ్మ లోపలికి వెళ్ళి, ఏదో సామాను జరిపి, తలుపు చాటు నుంచే, కొత్తగా గొంతు తగ్గించి పిలిచింది.

"అయితే బిడ్డా, గీ బియ్యం డబ్బా జర పైకెక్కియ్యి. వీనితోని అయితలేదు."

బావ వెళ్ళిన వేగం చూడాల్సింది.

ఇక నేను రాయడానికి కూర్చున్నాను. రాయాలంటే ఆట గురించి ఏం రాసినా బావ లేకుండా వాక్యం కదలడం లేదు. మూట, చిక్కుడుగింజలు, బండరాయి, రెండు తలల పంది, మా అమ్మ తీర్పులు అన్నీ రాసి, చీకటిపడే ముందు పంపించేశాను. హైదరాబాద్ సారు గంటలోపే ఫోన్ చేశాడు. ఆయన మాట నెమ్మది. "బాగా నవ్వించారు. కానీ మా పాఠకులకు ఆట ఎలా ఉందో కావాలండీ, మీ బావగారు ఎలా ఉన్నారో కాదు. బొమ్మలు, పోరాటం, కథ, ఎక్కడెక్కడ ఆగిపోతోంది, అవి రాయండి. చుట్టాలందర్నీ తీసెయ్యండి. రేపు పొద్దున్నే ప్రచురించాలి." ఉద్యోగం అంచున నిలబడ్డవాణ్ణి, సరేనన్నాను. అమ్మను తీశాను, అక్కను తీశాను, నన్ను తీశాను. బావను తియ్యబోయి చెయ్యి ఆగింది. భయపడుతూనే మళ్ళీ ఫోన్ చేసి అడిగాను. "సార్, ఒక్క వాక్యం ఉంచుకుంటాను. అది ఆట గురించే." ఆయన విని, సరేనన్నాడు. ఉద్యోగంలోకి తీసుకున్నానని కూడా అదే మాటతో చెప్పాడు. ఆ వాక్యం ఇది. 'మీ జట్టులో ఒళ్ళు దాచుకోని మనిషి ఉంటే, దయచేసి అతణ్ణి గౌరవించి కూర్చోబెట్టకండి, మూట ఇవ్వండి.'

బాపు ఆ స్టూలు మీద ఎరువుల బస్తా పెట్టేశాడు. ("ఖాళీగుంటే ఏం లాభం" అన్నాడు. కానీ మోండాలో కనబడ్డవాడికల్లా నా ఉద్యోగం సంగతి చెప్పాడని తర్వాత తెలిసింది.) అక్కాబావలు సోమవారం పొద్దున్నే ముఖేడ్ వెళ్ళిపోయారు. నా రాత ఆ రోజే వెలువడింది. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఏమ్రా, ఏం రాసినవ్? మీ బావ దుకాన్ల గిరాకీనిడిచిపెట్టి పొద్దటిసంది ఫోన్ పట్టుకొని కూసున్నడు. నన్ను సదివియ్యమంటె, వద్దు నేనే సదువుత అంటడు."

బావ బడి చదువంతా మరాఠీలోనే. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం సరిగ్గా రాదు. పెళ్ళయ్యాక అక్క ఎప్పుడో సరదాగా నేర్పిన అక్షరాలతో, బొమ్మల నాణ్యత, పోరాట పద్ధతి అంటూ నేను దట్టించిన పెద్దపెద్ద మాటలన్నీ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, తన పేరు ఎక్కడుందోనని వెతుక్కుంటున్నాడన్నమాట. పేరు లేదని చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. చీకటి పడ్డాక మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి బావే.

"బామ్మర్దీ, ఆఖర్ల దొరికింది. మూట ఇయ్యుండ్రి అని రాసినవ్ గద, గది నేనే గద?"

"నువ్వే బావా."

"ఆఁ. అనుకున్న" అని పెట్టేశాడు.

ఆ తర్వాత చాలా ఆటల గురించి రాశాను. ఇప్పుడు నా కింద రాసేవాళ్ళూ ఉన్నారు. చుట్టాలను తీసెయ్యమని వాళ్ళకు నేనే చెబుతుంటాను. అప్పటి ఆ రాతను ఈ మధ్య తీసి చూస్తే, ఆ కుర్రాడు తెలియని విషయాల గురించి కూడా ఎంత గంభీరంగా తీర్పులిచ్చాడో అని నవ్వొచ్చింది. నేను రాసినవి వేలమంది చూస్తారని ఆఫీసులో అంటుంటారు, నిజమే అయి ఉంటుంది. కానీ పొద్దుటి నుంచి చీకటి పడేదాకా, అక్షరం కింద వేలు పెట్టుకుని, ఒక్క ముక్క వదలకుండా నన్ను చదివినవాడు మాత్రం మా బావ ఒక్కడే.